గోడ వారిది, సున్నం మనది



ఉగాదికి పద్యాల టపా ఒకటి వేస్తానని మాట ఇచ్చి తప్పినందుకు ముందుగా క్షమాపణ. పద్యాలు రాసుకోవలసిన పూట, లండను నుంచి మా అమ్మాయి పంపిన పదహారు పేజీల లెక్క కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. తెలుగు పండితునికి ఆంగ్లేయుల కౌలు శాస్త్రంతో ఏమి పని అని మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. కానీ ఆ కాగితం నన్ను థేమ్సు ఒడ్డు నుంచి పోరుమామిళ్ళ చెరువు కట్ట మీదికి, అక్కడి నుంచి మా తాతగారి ట్రంకుపెట్టె దగ్గరికి నడిపించుకొని వచ్చింది. ఆ నడక గురించే ఈ వ్యాసం. కాస్త పొడుగు. తీరిక చూసుకొని చదవండి.

అమ్మాయి, అల్లుడు థేమ్సు నది దక్షిణపు ఒడ్డున ఒక పాత గిడ్డంగిలో మూడో అంతస్తులో ఉంటారు. గిడ్డంగిలో కాపురమేమిటని మొదట నేనూ అడిగాను. ఉద్యోగ విరమణ చేసిన మరుసటి సంవత్సరం, 2019లో, వెళ్ళి చూశాక సందేహం తీరింది. మూరెడు మందం ఇటుక గోడలు, పోత ఇనుము స్తంభాలు, సందుకు అడ్డంగా ఈ భవనం నుంచి ఆ భవనానికి ఆకాశంలో వేసిన ఇనుప వంతెనలు. ఓడల నుంచి దింపిన మూటలు ఆ వంతెనల మీదుగా దొర్లించేవారట. ఒకప్పుడు సరుకు లోపలికి తీసుకొన్న పెద్ద తలుపులే ఇప్పుడు కిటికీలు. మూటలెత్తిన గిలక మా అమ్మాయి కిటికీ పక్కన ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని తీయకూడదు, రంగు మార్చకూడదు. అది చారిత్రక కట్టడాల జాబితాలో ఉంది. వాన కురిసిన రోజున పాత ఇటుకల్లోంచి మసాలా వాసన వస్తుందని అక్కడివాళ్ళు చెప్పారు. నాకైతే తడి మట్టి వాసనే వచ్చింది.

ఇప్పుడు వచ్చిన కాగితం సంగతి. పైకప్పుకూ బయటి గోడలకూ మరమ్మతు. ఒక్క ఇంటి వాటా పద్నాలుగు వేల పౌండ్లు. మన రూపాయల్లో పదిహేను లక్షలకు పైమాట. ఏటా కట్టే నిర్వహణ రుసుము కాక ఇది అదనం. ఫోనులో అమ్మాయి అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "నాన్నా, గోడ మాది కాదంట, కప్పు మాది కాదంట, నేల ఎట్లాగూ కాదంట. ఖర్చు మాత్రం మాదంట."

ఇంతకంటె చక్కగా ఆ దేశపు కౌలు చట్టాన్ని ఏ న్యాయవాది చెప్పగలడు?

ఆ గిడ్డంగులకూ మన కడప సీమకూ ఒక పాత చుట్టరికం ఉంది. ఎర్రగుంట్ల అంటే ఈనాటివారికి సిమెంటు, నాపరాయి, రైలు జంక్షను. కానీ పందొమ్మిదో శతాబ్దిలో మన జిల్లా పేరు లండను బజారులో వినిపించింది నీలిమందు వల్ల. కడప పేరును ఆ రోజుల్లో 'కర్ప' అని కూడా పలికేవారు. ఆ పలుకుబడి మీదనే మన నీలిమందుకు 'కర్పా' అన్న వ్యాపారనామం స్థిరపడింది. భారతీయ ఆంగ్లపదాల నిఘంటువు హాబ్సన్ జాబ్సన్ 1903 నాటి ముద్రణలో కడప పదం దగ్గర ఈ కర్పా నీలిమందు లండను అంగడిలో ధర పలుకుతున్నట్టు రాశారు. 'గడప' అన్న అర్థంలో పుట్టిన ఊరి పేరు ఏడు సముద్రాల అవతల పెట్టెల మీద ముద్ర అయింది. 1897లో జర్మనీవాళ్ళు కృత్రిమ నీలిని అంగడిలోకి తెచ్చాక మన తొట్లు ఎండిపోయాయి. మా చిన్నప్పుడు చేలగట్ల పక్కన కూలిపోయిన గచ్చు తొట్లు చూపించి "నీలిమందు తొట్లురా" అనేవారు పెద్దలు. అవి దేనికో మాకు తెలిసేది కాదు, గోలీలాడుకోవడానికి బాగుండేవి.

తొట్ల కాలం ముగిసిన అరవై, డెబ్బై ఏళ్ళకు ఆ గిడ్డంగుల కాలమూ ముగిసింది. సరుకంతా ఇనుప కంటెయినర్లలోకి మారేసరికి, అంత పెద్ద ఓడలు నది మీద లండను దాకా రావడం మానేశాయి. ఈస్ట్ ఇండియా రేవు 1967లో మూతపడింది. ఆ తరువాత సెయింట్ క్యాథరీన్, లండను రేవులు. 1980లో వెస్ట్ ఇండియా, 1981లో రాయల్ రేవులు. ఖాళీ గిడ్డంగుల్లోకి మొదట బొమ్మలు వేసుకొనే చిత్రకారులు చేరారు. అద్దె తక్కువ, వెలుతురు ఎక్కువ. వాపింగులో 1870లో కట్టిన ఆలివర్స్ వార్ఫ్‌ను 1970ల మొదట్లోనే ఇళ్ళుగా మార్చారు. 1885 నాటి ధాన్యపు గిడ్డంగి న్యూ కాంకార్డియా వార్ఫ్ 1980ల తొలి సంవత్సరాల్లో ఇళ్ళయింది. 1870ల నాటి బట్లర్స్ వార్ఫ్ వంతు ఆ తరువాత వచ్చింది. 1981 నుంచి 1998 వరకు రేవుల అభివృద్ధి కోసం ప్రభుత్వమే ఒక సంస్థను నడిపింది. మూటలు మోసిన కూలీల మనవలు కొనలేని ధరకు ఆ ఇళ్ళు చేరాయి. ఆ కథ వేరే చెప్పాలి.

నాకు అర్థం కాక వేధించిన ప్రశ్న ఒకటే. లక్షల పౌండ్లు పోసి కొన్న ఇల్లు సొంతం కాకపోవడమేమిటి?

మన ప్రొద్దుటూరులో మా తమ్ముడు అపార్టుమెంటు కొన్నాడు. రిజిస్ట్రేషను దస్తావేజులో ఇంటి కొలతతో పాటు, విభజించని స్థలంలో ఇన్ని గజాల వాటా అని స్పష్టంగా ఉంటుంది. మన రాష్ట్రంలో 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ఇదే చెబుతుంది: మెట్లు, కప్పు, నేల అందరివీ, యజమానులందరూ సంఘంగా ఏర్పడి వాటిని చూసుకోవాలి. అంతమాత్రాన అక్కడ రామరాజ్యం ఉందనుకోకండి. కింది అంతస్తాయన తాను లిఫ్టు ఎక్కనని లిఫ్టు ఖర్చు ఇవ్వడు. పై అంతస్తాయన కప్పు కారితే "నా ఒక్కడిదా?" అంటాడు. మోటారు కాలిపోతే మాత్రం అందరూ బక్కెట్లతో కలుస్తారు. పోట్లాడుకొనేది సమానులు. లెక్క రాసేవాడు కూడా ఆ బక్కెట్టు వరుసలో నిలబడవలసినవాడే.

ఇంగ్లండులో అలా కాదు. అక్కడ ఫ్లాటు కొన్నవారు నిజానికి కొన్నది తొంభైతొమ్మిది, నూట పాతిక, కొన్నిచోట్ల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఏళ్ళ కౌలు. నేలా గోడలూ కప్పూ ఫ్రీహోల్డరు అనే యజమానివి. ఆ యజమాని ఒక నిర్వహణ సంస్థను పెడతాడు. ఆ సంస్థ పని చేయిస్తుంది, లెక్క వేస్తుంది, కౌలుదార్లకు పంచి పంపుతుంది. కట్టకపోతే కౌలు రద్దు చేయించే దారి కూడా చట్టంలో ఉంది. యజమాని ఆ భవనంలో ఉండనక్కరలేదు, ఆ ఊళ్ళోనే ఉండనక్కరలేదు. కప్పు కారితే తడిసేది ఆయన మంచం కాదు.

ఇలా ఎందుకు ఏర్పడిందని వెదికితే భూస్వామ్య వ్యవస్థ అని అందరూ ఒక మాటతో తేల్చేస్తారు. అది సగమే. తక్కిన సగం ఒక రోడ్డు మరమ్మతు తగాదాలో ఉంది. 1885లో ఓల్డ్‌హామ్ పట్టణంలో, ఒక దారిని బాగుచేస్తూ ఉంటామని భూమి పుచ్చుకొన్నవారు ఇచ్చిన మాట, ఆ భూమి చేతులు మారాక కొత్తవారిని కట్టివేస్తుందా అన్న వివాదం వచ్చింది. ఆస్టర్‌బెరీ పేరుతో ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో కోర్టు కట్టివేయదన్నది. ఫలానా పని చేయకూడదన్న షరతు భూమితో పాటు పోవచ్చునట. డబ్బు ఖర్చుపెట్టి ఫలానా పని చేయాలన్న షరతు మాత్రం మాట ఇచ్చిన మనిషితోనే ఆగిపోతుందట. నూరేళ్ళు దాటాక 1994లో ప్రభువుల సభ మళ్ళీ అదే చెప్పింది. ఈసారి తగాదా ఒక కప్పు గురించి. ఒక పాత ఇంటిని రెండుగా చీల్చి అమ్మారు. పెద్దింటి కప్పులో కొంత పక్కింటి పడకగది మీద ఉంది. దాన్ని బాగుచేస్తూ ఉంటామని దస్తావేజులో రాశారు. ఇల్లు చేతులు మారింది, కప్పు కారింది, కొత్త యజమాని మీద ఆ బాధ్యత లేదని తీర్పు వచ్చింది.

కనుక ఒక భవనంలో నలభై మంది స్వంతదారులుంటే, ఇళ్ళు చేతులు మారిన కొద్దీ కప్పు బాగుచేయమని ఎవరూ ఎవరినీ అడగలేని పరిస్థితి. కౌలులో అయితే ఆ చిక్కు లేదు, కౌలు షరతులు కొత్త కౌలుదారునికీ అంటుకుంటాయి. అందుకని లాయర్లు ఫ్లాట్లన్నిటినీ కౌళ్ళుగా అమ్మడం మొదలుపెట్టారు. మరమ్మతు బాధ్యతను చేతులు మారనీయకుండా పట్టుకోవడానికి యాజమాన్యాన్నే చేతికి ఇవ్వకుండా ఆపేశారన్నమాట. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1961లోనే చట్టం చేసి ఈ ముడి విప్పుకొన్నది. ఇంగ్లండు 2004లో కామన్‌హోల్డు అనే ఉమ్మడి యాజమాన్యాన్ని అమలులోకి తెచ్చినా వాడుకొన్నవారు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది.

ఇక్కడే నాకు మన సీమ గుర్తుకొచ్చింది.

పోరుమామిళ్ళ చెరువు చూసినవారు మీలో ఎందరో ఉంటారు. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడనే మారుపేరు గలవాడు, ఉదయగిరి నుంచి పాలిస్తూ 1369లో పూర్తిచేయించిన చెరువు అది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పట్టిందని శాసనం. ఆ శాసనంలో నాకు ఇష్టమైనది రాజు కీర్తి కాదు, మంచి చెరువుకుండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. వీటన్నిటితో పాటు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా ఒక దోషమన్నారు. ఇంజనీరింగు దోషాల నడుమ ఈ దోషం ఎందుకు చేరిందా అని పాఠం చెప్పే రోజుల్లో అనుకొనేవాణ్ణి. అమ్మాయి కాగితం చదివాక తెలిసింది. కట్ట తెగితే పూడ్చవలసినవాడెవడో తెలియకపోవడం కూడా చెరువుకు గండి వంటిదే.

చెరువు తవ్వడం ఒక ఎత్తు, తరతరాలు నిలబెట్టడం మరొక ఎత్తు. దానికి మన ప్రాంతం కనుక్కొన్న ఉపాయం దశబంధం. శాసనాల్లో దశవందమనీ కనిపిస్తుంది. చెరువు తవ్వించినవానికో, పాడుబడిన కట్టను పోయించినవానికో ఆ చెరువు కింది భూమిలోనే కొంత మాన్యంగా ఇచ్చేవారు. పేరులో పదోవంతు ఉన్నా ఆచరణలో ఊరికొక తీరు. ఇదిగో ఈ మడి అని చూపి ఇస్తే ఖండం దశబంధం. ఆయకట్టు మొత్తం ఆదాయంలో వాటా ఇస్తే షామిలాతు దశబంధం. మాన్యం అనుభవించేవాడు ఏటా కట్ట మీద మన్ను వేయించాలి, తూము చూసుకోవాలి, మరువ తెగకుండా కాపాడాలి. కొడుకుకు మాన్యం పోతే పని కూడా కొడుక్కే పోతుంది. భూమినీ బాధ్యతనూ విడదీసి అమ్ముకొనే వీలు లేదు.

ఇందులో ఉన్న తెలివి గమనించండి. అతనికి జీతం ఖజానా నుంచి రాదు. అతని గింజ కూడా అదే చెరువు నీటితో పండాలి. తూము పగిలితే అందరి మళ్ళతో పాటు అతని మడీ ఎండుతుంది.

1800లో నిజాము మన జిల్లాలను కుంఫిణీకి ధారపోశాడు. మన్రో దొర వచ్చి రైతువారీ పద్ధతి పెట్టాడు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాముల కమిషను వేసి మాన్యాలన్నిటినీ తిరగేసింది. చాలా ఇనాములను కొంత కట్టుబడి విధించి సొంత ఆస్తిగా వదిలేశారు గాని, దశబంధాన్ని అలా వదలలేదు. చెరువును బాగుచేసినంత కాలమే మాన్యం అన్న షరతు నిలబెట్టారు. అంటే ఓల్డ్‌హామ్ తగాదాలో మరమ్మతు బాధ్యత భూమి వెంట నడవదని తీర్పు చెప్పిన రోజుల్లోనే, అదే సామ్రాజ్యపు తహశీల్దార్లు మన కడప, కర్నూలు జిల్లాల్లో మరమ్మతు బాధ్యతను భూమి వెంట నడిపిస్తున్నారు. అక్కడి న్యాయమూర్తులకు ఇక్కడి చెరువు కట్టలు చూపించినవారు లేరు.

పండితుడన్నాక శాస్త్రం ముట్టకుండా ఉండలేడు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో, ఊరంతా కలిసి కట్టే సేతువు పనికి రాకుండా తప్పించుకొనేవానికి ఒక శిక్ష ఉంది. వాడి కూలీలూ ఎద్దులూ పనిచేయాలి. వ్యయంలో వాడికి భాగం ఉంటుంది. ఫలంలో వాటా మాత్రం ఉండదు. పనిదొంగకు కౌటిల్యుడు వేసిన శిక్ష అది. గిడ్డంగి కౌలుదారు ఏ దొంగతనమూ చేయకుండానే ఇంచుమించు అదే అనుభవిస్తున్నాడు. ఖర్చులో భాగం ఉంది, గోడలో వాటా లేదు.

అక్కడి పార్లమెంటు ఏమీ చేయలేదనడం అన్యాయం. నిర్వహణ రుసుముపై మొదటి కట్టుబాట్లు 1972లో వచ్చాయి. ఇప్పటికీ ఆధారంగా ఉన్నది 1985 చట్టం. ఖర్చు సమంజసంగా ఉంటేనే వసూలు చేయాలి. ఒక్కొక్క ఇంటి వాటా 250 పౌండ్లు దాటే పని అయితే ముందుగా కౌలుదార్లను సంప్రదించాలి. ఖర్చు పెట్టిన పద్దెనిమిది నెలల లోపు అడగాలి, లేదా ఖర్చయినట్టు తెలపాలి. లెక్కల సారాంశం కోరే హక్కు, రశీదులు చూసే హక్కు ఉన్నాయి. తేలకపోతే ట్రిబ్యునలుకు పోవచ్చు. కాగితం మీద అంతా బాగుంది. చిక్కు ఏమిటంటే సంప్రదించడం అంటే ఒప్పించడం కాదు. అభిప్రాయం విన్నామని రాసుకొని తమ పని తాము చేసుకోవచ్చు.

పాత గిడ్డంగికి అదనపు కష్టాలు. జాబితాలో ఉన్న కట్టడం కనుక అనుమతి లేకుండా రూపం మారిస్తే నేరమే. పగిలిన ఇటుకకు అలాంటి ఇటుకే కావాలి, సిమెంటు కాదు సున్నం గచ్చే పూయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీ అడిగినంత ఇవ్వాలి. కొత్త ఇల్లు కడితే వ్యాట్ పన్ను సున్నా, పాత కట్టడం మరమ్మతుకు నూటికి ఇరవై. అనుమతి పొంది చేసే మార్పులకు ఉన్న మినహాయింపును కూడా 2012 అక్టోబరులో తీసేశారు. చరిత్రను కాపాడమని చట్టం చేసినవారే కాపాడినందుకు పన్ను వేస్తారు. 2017లో గ్రెన్‌ఫెల్ టవరు తగలబడి 72 మంది చనిపోయాక వచ్చిన 2022 నాటి చట్టం, అగ్నిప్రమాదపు లోపాల ఖర్చు నుంచి కౌలుదార్లకు కొంత రక్షణ ఇచ్చింది. కానీ అది వెనక్కి ముప్ఫై ఏళ్ళ వరకే చూస్తుంది. 1980లలో గిడ్డంగిని ఇల్లుగా మార్చినప్పటి లోపాలకు ఆ గొడుగు చాలదు.

పోనీ యజమానిని పక్కనపెట్టి నిర్వహణ మనమే చేసుకుందామా అంటే ఆ హక్కు 2002 చట్టం ఇచ్చింది, 2003 నుంచి అమలయింది. అక్కడా ఒక మెలిక. భవనంలో నాలుగోవంతుకు మించి దుకాణాలో కచేరీలో ఉంటే ఆ హక్కు లేదు. గిడ్డంగి ఇళ్ళలో కింది అంతస్తు సాధారణంగా కాఫీ హోటలో, చిత్రశాలో అయి ఉంటుంది. నది ఒడ్డు కదా! అలా ఎన్నో గిడ్డంగుల గడపలోకి ఆ చట్టం రానే లేదు. 2024లో చేసిన కొత్త చట్టం ఆ హద్దును సగానికి పెంచింది. 2025 మార్చి 3 నుంచి అది అమలులో ఉంది. మా అమ్మాయి భవనంలో ఇప్పుడు నడుస్తున్న మంతనాలు దాని పుణ్యమే.

చక్రవడ్డీ కథ ఒకటి చెప్పకపోతే ఈ టపా పూర్తి కాదు. ఇది గిడ్డంగి కాదు, వేల్సు దేశంలో గోవర్ ద్వీపకల్పంలో ఆక్స్‌విచ్ అనే సముద్రతీరపు విడిది. అక్కడ 91 చిన్న కుటీరాలు కౌళ్ళకిచ్చారు. వాటిలో 25 కౌళ్ళ మీద తగాదా వచ్చింది. నిర్వహణ రుసుము ఏడాదికి 90 పౌండ్లనీ, అది ఏటా నూటికి పది చొప్పున పెరుగుతుందనీ ఆ కాగితాల్లో ఉంది. 1970లలో ధరలు అలాగే పెరుగుతుండేవి గనుక ఎవరికీ వింతగా తోచలేదు. పది శాతం చొప్పున పెరిగే మొత్తం ఎనిమిదేళ్ళ లోపే రెట్టింపవుతుంది. అలా లెక్కిస్తూ పోతే 2072 నాటికి ఒక్క కుటీరం ఏడాదికి కట్టవలసింది అయిదున్నర లక్షల పౌండ్లు దాటుతుంది. గడ్డి కోసి దీపాలు వెలిగించినందుకు! తొంభై పౌండ్లన్నది గరిష్ఠ పరిమితి అనీ, అసలు ఖర్చులో వాటా ఇవ్వడమే ఆ షరతు ఉద్దేశమనీ కౌలుదార్లు వాదించారు. 2015 జూన్‌లో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒక్కరు మరొకవైపుగా చీలి, రాసిన మాటకు రాసిన అర్థమే అన్నది. బేరం చెడ్డదని తరువాత తెలిసినంత మాత్రాన కోర్టు దాన్ని తిరగరాయదట.

మన శాస్త్రంలో వాచ్యార్థం పొసగనప్పుడు లక్ష్యార్థం తీసుకోమన్నారు. గంగలో గొల్లపల్లె అంటే నది నడిమధ్య ఊరు ఉందని ఎవరూ అనుకోరు, ఒడ్డున ఉందనుకుంటారు. ఎనిమిదో తరగతి పిల్లలకు నేను చెప్పిన పాఠమిది. నలుగురు న్యాయమూర్తులు నది మధ్యలోనే ఊరు కట్టారు. ఒడ్డు చూసిన ఆ అయిదో న్యాయమూర్తి లార్డ్ కార్న్‌వాత్. తీర్పు చెడ్డదనను, మాటకు కట్టుబడకపోతే వ్యవహారం నడవదన్న వాదంలో బలం ఉంది. అయినా నా ఓటు ఆ అయిదో ఆయనకే.

ఇంతవరకు రాసి, దశబంధాన్ని ఆకాశానికెత్తి ముగిద్దామనుకొన్నాను. ఆ పద్ధతి కాగితం నకలు టపాకు జతచేద్దామని తాతగారి ట్రంకుపెట్టె దించాను. మా ముత్తాతగారికి మా ఊరి చెరువు కింద దశబంధం మడి ఉండేది. ఊరివాళ్ళు కక్షకట్టి దాన్ని పోగొట్టారని మా నాన్నమ్మ చెప్పేది. అదే వింటూ పెరిగాను. పెట్టె అడుగున, చెదలు తిన్న గుడ్డలో చుట్టి, తహశీల్దారు సముఖానికి ఆయకట్టు రైతులు పెట్టుకొన్న అర్జీ నకలు దొరికింది. 1912 నాటిది. కింద పదకొండు మంది. అయిదు సంతకాలు, ఆరు నిశానీలు. అర్జీ సారాంశం ఇది. మాన్యం తినే ఈ పెద్దమనిషి ఆరేళ్ళుగా కట్ట మీద గంపెడు మన్ను వేయలేదు. తూము చెక్క కుళ్ళితే రైతులే చందాలు వేసుకొని మార్చారు. ఆ చందా లెక్కలో తన వాటా అడిగితే, నేను మాన్యందారును, చందా ఇవ్వవలసినవాణ్ణి కాదన్నాడు. మడికి నీళ్ళు మాత్రం అందరికంటె ముందు మళ్ళించుకొన్నాడు.

చాలాసేపు ఆ కాగితం మడవలేకపోయాను. ఎందుకంటే రాత అర్జీదారులది కాదు. మా తాతగారి రాత నాకు తెలుసు. ఆ నకలు ఆయనే రాసుకొన్నారు, కొడుకు. తండ్రి మీద వచ్చిన అర్జీని ఇరవై ఏళ్ళవాడు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసి దాచుకొన్నాడు. ఎందుకో ఆయన ఎవరికీ చెప్పలేదు. సర్కారువారు కట్ట పోయించి ఖర్చు ముత్తాతగారి దగ్గర రాబట్టారు. ఆ బాకీకి మడిలో సగం పోయింది. మిగిలిన సగం 1956 నాటి ఇనాముల రద్దు చట్టం తరువాత మామూలు పట్టా భూమి అయింది. అందులోనే నేను చదువుకొన్నాను.

నిజం చెప్పాలంటే, అమ్మాయి మొదట ఫోను చేసినప్పుడు కట్టేయమనే చెప్పాను. పరాయి దేశం, పెద్దవాళ్ళతో పేచీ ఎందుకమ్మా అన్నాను. ముప్ఫై ఆరేళ్ళు బడిపంతులుగా బతికినవాడి నోటికి వచ్చేది ఆ మాటే. అర్జీ చదివాక మళ్ళీ నేనే ఫోను చేశాను. ఆ ఆరు నిశానీల సంగతి చెప్పాను. వాళ్ళకు చదువు రాదు, చందా లెక్క మాత్రం అణాలతో సహా అర్జీలో రాయించారు అన్నాను. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మన జేజినాయన ఫ్రీహోల్డరా నాన్నా?" అన్నది.

అవునన్నాను.

కిందటి నెల ఆ భవనంలో ఇరవైరెండు ఇళ్ళవారు కలిసి రశీదులు చూపించమని రాతమూలకంగా కోరారు. అమ్మాయీ ఒక విశ్రాంత నర్సూ కలిసి ఒక శనివారమంతా కూర్చొని చూశారు. పని జరగని తొమ్మిది వారాలకు కూడా సారువ అద్దె కట్టినట్టు తేలింది. దాని మీద సంస్థవారికి రాశారు. జవాబు రాకపోతే ట్రిబ్యునలుకు పోతారు. పద్నాలుగు వేలూ తప్పుడు లెక్క అని అమ్మాయి కూడా అనడం లేదు. కప్పు నిజంగానే కారుతున్నది, బాగుచేయవలసిందే.

మా ఊరి చెరువుకు 1997 చట్టం వచ్చాక నీటి వినియోగదారుల సంఘం ఏర్పడింది. కొన్నాళ్ళు నడిచింది, కొన్నాళ్ళు పడుకొన్నది. ఈ వేసవిలో ఊరి పిల్లలు పూడిక తీయిస్తామని చందాకు వచ్చారు. మా ముత్తాతగారి ఆరేళ్ళ బాకీ ఎంతవుతుందో చక్రవడ్డీతో లెక్కవేసే ధైర్యం నాకు లేదు. అయిదువేలు ఇచ్చాను. పిల్లవాడు నోటుపుస్తకంలో రాసుకొని వెళ్ళిపోబోతుంటే ఆపి, రశీదు అడిగాను. వాడు కొంచెం చిన్నబుచ్చుకొన్నట్టే ఉన్నాడు గాని, కాగితం చింపి రాసి ఇచ్చాడు. ట్రంకుపెట్టెలో, ఆ అర్జీ పక్కనే పెట్టాను.